కథకి ఉప్పు చూసేవాళ్ళు

సినిమా హాల్లోంచి బయటికొస్తూ "మొదటి సగం బాగానే ఉంది, ఇంటర్వెల్ తర్వాతే తేలిపోయింది" అనని వాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా, చెప్పండి! ఆటో ఎక్కేలోపే తప్పులన్నీ ఏరేస్తాం. ఆ తల్లి అన్నేళ్ళపాటు నోరెందుకు విప్పలేదు, ఆ పిల్లకి అంత పెద్ద ఉద్యోగం ఎప్పుడొచ్చింది, విలన్ చావగానే అందరూ ఎందుకు మారిపోయారు అని ఒకటే చర్చ. కోట్లు పోసి తీసినవాళ్ళకి ఇంత చిన్న సంగతి తెలియలేదా అని కాసేపు జాలి కూడా పడతాం.

ఇదే మాటని సినిమా తీయకముందు, కథ ఇంకా కాగితం మీద ఉండగానే, రాసేవాళ్ళ ఎదురుగా కూర్చుని చెప్పడం ఒక పని. సినిమావాళ్ళు దీన్ని కథా చర్చలంటారు, స్టోరీ సిట్టింగులంటారు. పులుసు దించకముందే ఉప్పు చూడాలి గాని విస్తట్లో వడ్డించాక చూసి ఏం లాభం? ఆ చూసేవాళ్ళ గురించే ఈ నాలుగు మాటలూ.

హోటల్ గదీ, టీ కప్పులూ, పదిమంది మగవాళ్ళూ కూర్చుని చేసుకునే వ్యవహారంతో మనకేం పని అనుకోకండి. ఇప్పుడు మన ఇళ్ళల్లో పిల్లలు ఇంజనీరింగు చదువుతూనే షార్ట్ ఫిల్ములకీ వెబ్ సిరీస్‌లకీ కథలు రాస్తున్నారు. రాసింది ముందు ఎవరికి వినిపిస్తారు? అమ్మకి, అక్కకి, పిన్నికి, పెద్దమ్మకి. మనం "బాగుందిరా నాన్నా" అనేసి కుక్కరు విజిలు లెక్కపెట్టుకోవడానికి వెళ్ళిపోతాం. వాళ్ళకి కావలసింది ఆ మాట కాదు. ఇంకో సంగతి, ఈ పనిలో ఆరితేరినవాళ్ళలో చాలామంది మన కృష్ణాతీరం వాళ్ళే.

గుండమ్మ మొగుడు ఏమయ్యాడు?

తెనాలి ఐతానగరంలో 1908లో పుట్టిన ఆలూరి వెంకట సుబ్బారావుగారు తెలుసా అంటే తెల్లమొహం వేస్తాం. చక్రపాణి అంటే మాత్రం అందరికీ తెలుసు. క్షయ జబ్బుతో మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలల్ని తెలుగు చేసిన మనిషి. 1947లో నాగిరెడ్డిగారితో కలిసి చందమామ మొదలుపెట్టారు, ఆ తర్వాత విజయావారి సినిమాలు. నిర్మాతగా ఆయన పేరు తెర మీద పడేది గాని, ఆయన చేసిన అసలు పని కథ దగ్గర కూర్చోవడం.

గుండమ్మకథ సంగతే తీసుకోండి. 1962లో వచ్చింది. ఎన్నిసార్లు టీవీలో వేసినా వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి చూస్తాం కదా! అసలు కథ మనది కాదు. విఠలాచార్య 1958లో కన్నడంలో 'మనె తుంబిద హెణ్ణు' అని తీశారు. తెలుగులో తీద్దామనుకున్నాక డి.వి.నరసరాజుగారు ముందు ఒక ప్రతి రాశారు. దర్శకుడిగా బి.ఎన్.రెడ్డిగారిని అనుకున్నారు, తర్వాత సి.పుల్లయ్యగారిని అనుకున్నారు, చివరికి కమలాకర కామేశ్వరరావుగారు తీశారు. (ఈయన బందరు మనిషి. సినిమాల్లోకి వెళ్ళకముందు కృష్ణాపత్రికలో సినిమా సమీక్షలు రాసేవారు. అంటే తప్పులు పట్టుకోవడంలో ముందే చేయి తిరిగినవారన్నమాట.) ఈలోగా స్క్రిప్టు చక్రపాణిగారి చేతిలో పడింది. కన్నడ సినిమాలో కథ నడిపిన పద్ధతి ఆయనకి నచ్చలేదు.

కన్నడంలో గుండమ్మకి నోట్లో నాలుక లేని మొగుడొకాయన ఉంటాడు. చక్రపాణిగారు ఆయన్ని కథలోంచి తీసేశారు. గుండమ్మని వితంతువుని చేశారు. అంతే! ఆ ఒక్క మార్పుతో ఏం జరిగిందో ఆలోచించండి. సావిత్రి వేసిన లక్ష్మి గుండమ్మకి సవతి కూతురు, అంటే ఆ మొగుడికి కన్నకూతురు. ఆయనే బతికుంటే మన కోపం సగం ఆయన మీదికి పోయేది. తండ్రై ఉండి, పిల్ల అంట్లు తోముతూ పిండి రుబ్బుతూ ఉంటే చూస్తూ కూర్చున్నాడేమిటని. ఆయన లేకపోయేసరికి ఇంటి పెత్తనమంతా సూర్యకాంతంగారి భుజాల మీద పడింది. ఇల్లు నడపాలి, అప్పులు వసూలు చేసుకోవాలి, పెళ్ళి కావలసిన పిల్లకి సంబంధం చూడాలి. మగదిక్కు లేని ఆడమనిషి నోరు పెంచుకోక ఏం చేస్తుంది అని ఎక్కడో ఒక మూల మనకే అనిపిస్తుంది. అందుకే చివర్లో ఆవిడ అగచాట్లు పడుతుంటే నవ్వూ వస్తుంది, అయ్యో అనీ అనిపిస్తుంది. గయ్యాళిని చూసి అయ్యో అనిపించడం, నా ఉద్దేశంలో, ఆ సినిమా ఇన్నేళ్ళు నిలబడటానికి పెద్ద కారణం.

పొగరుబోతు కూతురి కథకి షేక్‌స్పియర్ నాటకం 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ' నుంచి కొంత తెచ్చి కలిపారు. ఆ భాగం ఇప్పటి ఆడపిల్లలకి అంతగా మింగుడుపడదు, మా ఇంట్లో పిల్లలు మొహం మీదే అన్నారు. కాదనలేకపోయాను. కానీ మొగుణ్ణి తీసేసిన తెలివి మాత్రం ఈ రోజుకీ పాఠమే. కథ బాగు చేయమంటే చాలామంది ఇంకేదో కలపడానికి చూస్తారు. ఒక ఫ్లాష్‌బ్యాక్ పెడదాం, ఒక తాతయ్యని పెడదాం అని. చేయి తిరిగినవాళ్ళు ముందు ఏది తీసేయొచ్చా అని చూస్తారు.

మాయాబజార్ (1957) మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారో మీకే లెక్క ఉండదు. అందులో పాండవులెక్కడైనా కనిపించారా? కథంతా వాళ్ళ జూదం చుట్టూ, వాళ్ళ అరణ్యవాసం చుట్టూ, వాళ్ళబ్బాయి పెళ్ళి చుట్టూ తిరుగుతుంది. అయిదుగురిలో ఒక్కరు తెర మీదికి రారు. రాలేదని మనకి తోచను కూడా తోచదు. కె.వి.రెడ్డిగారూ, రచయిత పింగళి నాగేంద్రరావుగారూ వాళ్ళు లేకుండానే పెళ్ళి జరిపించేశారు. పింగళివారు పుట్టింది బొబ్బిలి వైపైనా పెరిగింది మన బందరులోనే.

కాగితం మీద సినిమా

కె.వి.రెడ్డిగారి క్రమశిక్షణ గురించి సినిమావాళ్ళు కథలు కథలుగా చెబుతారు. షూటింగు మొదలవకముందే ప్రతి సీనుకీ ఎంత సేపు పడుతుందో స్టాప్‌వాచీ పెట్టి చూసుకునేవారట. స్క్రిప్టు ఒకసారి ఖాయమయ్యాక సెట్లో మాట మార్చడానికి ఒప్పుకునేవారు కాదు. మార్చుకోవలసిందంతా ముందే, చర్చల్లోనే అయిపోవాలి. నరసరాజుగారిని సినిమాల్లోకి తీసుకొచ్చింది కూడా ఆయనే. నరసరాజుగారి 'నాటకం' అనే నాటకం చూసి పెద్దమనుషులు (1954) సినిమాకి మాటలు రాయమన్నారు. ఆ కథకి మూలం నార్వే దేశపు ఇబ్సెన్ రాసిన నాటకం. అక్కడి ఓడల వ్యాపారి ఇక్కడ మునిసిపల్ చైర్మన్ అయ్యాడు. చూసేవాళ్ళకి అది మన పక్క ఊరి పెద్దమనిషి కథలాగే ఉంటుంది.

కథ కాగితం మీదికి ఎన్ని మెట్లలో వస్తుందో తెలిస్తే పిల్లలకి ఎక్కడ సాయం చేయాలో తెలుస్తుంది. ముందు పాయింటు. రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఇంకా ఉడకలేదని అర్థం. దాన్ని పది పదిహేను పేజీల్లో ఇంట్లోవాళ్ళకి చెప్పినట్టు రాస్తారు, దాన్ని ట్రీట్‌మెంటు అంటారు. తర్వాత సీన్ ఆర్డరు: ఏ సీను తర్వాత ఏ సీను. ఆ తర్వాతే మాటలు. మన పాత తెలుగు స్క్రిప్టుల్లో పేజీకి ఎడమ పక్క కనిపించేదీ, కుడి పక్క వినిపించేదీ రాసేవారు. ఇప్పుడు కంప్యూటర్లో రాసే పద్ధతి వేరు, పేజీకి సుమారు ఒక నిమిషం సినిమా అని లెక్క. పిల్లలు చేసే పొరపాటేమిటంటే పాయింటు తేలకుండానే మాటలు రాసేస్తారు. మాటలు రాయడం సరదా కదా మరి! ఆ తర్వాత ఆ మాటల మీద మమకారంతో సీను వదులుకోలేరు.

ఆడవాళ్ళ నవలలూ, పెయ్యేరు దుక్కిపాటివారూ

గుడివాడ దగ్గర పెయ్యేరులో పుట్టిన దుక్కిపాటి మధుసూదనరావుగారు 1951లో అన్నపూర్ణా పిక్చర్సు పెట్టారు. అక్కినేని నాగేశ్వరరావుగారు ఆ సంస్థకి చైర్మన్. మొదటి సినిమా దొంగరాముడు వచ్చేసరికి 1955 అయింది. సంస్థ పెట్టిన నాలుగేళ్ళకి మొదటి సినిమా! ఇప్పుడెవరైనా ఆగుతారా? దుక్కిపాటివారు కథ దగ్గర తొందరపడే మనిషి కాదు.

మనం ఆయన్ని తలుచుకోవలసిన ఇంకో కారణం ఉంది. ఆడవాళ్ళు రాసిన నవలల్ని ఆయన చదివారు, తీశారు. కోడూరి కౌసల్యాదేవిగారి చక్రభ్రమణం డాక్టర్ చక్రవర్తి (1964) అయింది. రాష్ట్ర ప్రభుత్వం నంది బహుమతులు మొదలుపెట్టిన మొదటి ఏడాదే ఉత్తమ చిత్రంగా నంది తెచ్చుకుంది. మన మొవ్వ దగ్గర కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణిగారి పేరు, గొల్లపూడి మారుతీరావుగారి పేరుతో పాటు, ఆత్మగౌరవం (1965) కథలో ఉంటుంది. కె.విశ్వనాథ్‌గారికి దర్శకుడిగా అదే మొదటి సినిమా. తర్వాత యద్దనపూడివారి విజేత నవల విచిత్రబంధం (1972) అయింది. మీనాని 1973లో విజయనిర్మలగారు తీశారు. అంటే ఆడమనిషి రాసిన నవలని ఆడమనిషే తీసింది!

నవలని స్క్రిప్టు చేయడంలో చిక్కు ఎక్కడుందో మా అమ్మ తరం పాఠకులకి బాగా తెలుసు. నవలలో నాయిక మనసులో అనుకున్నవే పేజీలకి పేజీలుంటాయి. ఎమెస్కోవారి ఇంటింటి గ్రంథాలయం పుస్తకాలు దిండు కింద పెట్టుకుని చదివినవాళ్ళు ఆ పేజీల కోసమే చదివారు. కెమెరాకి మనసు కనపడదు. ఆ అమ్మాయి మనసులో అనుకున్నది చేత్తో చేసి చూపించాలి. ఉత్తరం చింపి మళ్ళీ అతికించుకుందనో, అతని కంచంలో ముందు వడ్డించి తర్వాత తీసేసిందనో. చర్చల్లో సగం రోజులు ఇలాంటి ఒక్క పని కోసం వెతకడంలోనే పోతాయి.

ఎవరి కథ, ఎవరి పేరు

ఇతర దేశాల్లో ఈ పనిని శిబిరాలు పెట్టి చేస్తారు. అమెరికాలో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ అనే నటుడు సన్‌డాన్స్ సంస్థ పెట్టి 1981లో ఇలాంటి శిబిరం మొదలుపెట్టాడు. మన దేశంలో ఎన్.ఎఫ్.డి.సి. 2007 నుంచి స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ నడిపింది. కొద్దిమంది రచయితల్ని ఎంచుకుని, అనుభవమున్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టి, రాసింది మళ్ళీ మళ్ళీ రాయిస్తారు. 2013లో వచ్చిన ది లంచ్‌బాక్స్ కథ ఇటలీలోని టొరినో ల్యాబ్‌లో అలా నలిగిందే. దర్శకుడు రితేశ్ బత్రా మొదట ముంబై డబ్బావాలాల మీద డాక్యుమెంటరీ తీద్దామని వాళ్ళ వెంట తిరిగాడు. చివరికది మొగుడికి కేరియర్ కట్టే ఒక ఇల్లాలి కథ అయింది. చూడనివాళ్ళు తప్పక చూడండి. అందులో పై వాటాలో ఉండే ఆంటీ ఒకావిడ కిటికీలోంచి వంట సలహాలిస్తుంటుంది. గొంతు వినపడుతుంది, మసాలా పొట్లం బుట్టలో దిగుతుంది, మనిషి మాత్రం ఒక్కసారీ కనపడదు.

అంత బాగా జరిగే చోట్లు తక్కువ. మా చెల్లెలి కూతురు ఇంజనీరింగయ్యాక హైదరాబాదులో ఒక సంస్థలో కథా చర్చలకని కుదిరింది. ఏడు నెలలు పనిచేసింది. బస్సు ఖర్చులూ భోజనమూ ఇచ్చారు. జీతం సంగతి 'సినిమా ఓకే అయ్యాక' అన్నారు. పిల్ల చెప్పిన రెండు సీన్లు స్క్రిప్టులో ఉన్నాయి, పిల్ల పేరు ఎక్కడా లేదు. అడిగితే "చర్చల్లో అన్నమాటకి పేరేమిటమ్మా" అన్నారట. మా మరిది "ఇంక చాలు, ఇంటికొచ్చి బ్యాంకు పరీక్షలకి చదువుకో" అన్నాడు. ఇంట్లో పెద్ద రభసే అయింది.

ఇలాంటప్పుడు చట్టం ఏమంటుందో ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. ఊహకి హక్కు లేదు, రాసిన రూపానికే ఉంది. 1978లో ఆర్.జి.ఆనంద్ అనే నాటక రచయిత కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. తన నాటకాన్ని న్యూఢిల్లీ (1956) అనే హిందీ సినిమాగా తీసేశారని ఆయన వేసిన కేసు. విషయం ఒకటే అయినంత మాత్రాన కాపీ కాదు, నడిపిన తీరూ రాసిన తీరూ ఎత్తుకుంటేనే కాపీ అన్నారు, ఆయన ఓడిపోయారు. కాబట్టి నోటితో చెప్పేసి రావడం కాదు, కాగితం మీద రాసి, తేదీ వేసి, ఈమెయిలులో పంపి అప్పుడు మాట్లాడాలి. రాసిన క్షణం నుంచే రచయితకి హక్కుంటుంది. కాపీరైటు ఆఫీసులో రిజిస్టరు చేయించుకోవడం తప్పనిసరేం కాదు గాని తగాదా వస్తే అక్కరకొస్తుంది. హైదరాబాదులో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది, అక్కడ సభ్యులు కథలు రిజిస్టరు చేసుకుంటారు. 2012లో కాపీరైటు చట్టం మార్చాక, సినిమా హాల్లో వేసినందుకు కాకుండా ఇతరత్రా వాడుకున్నందుకు వచ్చే రాయల్టీలో రచయితకి భాగముంది. ఎవరో కాగితం చాపి దాన్ని వదులుకోమంటే సంతకం చేయనక్కర్లేదు. చర్చలకి రోజుకింత అనీ, పేరు ఎక్కడ వేస్తారనీ ముందే రాయించుకోవాలి. పెళ్ళిళ్ళలో లాంఛనాలు మాట్లాడుకునేటప్పుడు మనకి లేని మొహమాటం ఇక్కడెందుకు?

పేరు దగ్గర ఒక మంచి మాట కూడా చెప్పుకోవాలి. 2016లో అ ఆ సినిమా వచ్చినప్పుడు ఇది మీనా నవల కదా అని మొదట గుర్తుపట్టింది ఆ నవల చదివిన ఆడవాళ్ళే అని నా నమ్మకం. దర్శకుడు త్రివిక్రమ్ కూడా సులోచనారాణిగారి నవలే ఆధారమని చెప్పారు. ఆవిడ 2018లో పోయారు.

అమ్మ బియ్యం డబ్బా

హైదరాబాదు నుంచి వచ్చేశాక మా పిల్ల బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొనుక్కుంది గాని, రాత్రిళ్ళు తన సొంత స్క్రిప్టు మొదలుపెట్టింది. దివిసీమ ఉప్పెన కథ. మాది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ళ మీదికొచ్చినప్పుడు సర్కారు లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. రామారావుగారూ నాగేశ్వరరావుగారూ జోలె పట్టి విరాళాలు పోగుచేసిన ఉప్పెన అదే. మా అమ్మకి అప్పటికి ఒక కొడుకు, రెండేళ్ళవాడు. నేనూ మా చెల్లెలూ ఆ తర్వాత పుట్టినవాళ్ళం.

పిల్ల నూటపది పేజీలు తెచ్చి నా ముందు పెట్టింది. "పెద్దమ్మా, నువ్వు చదివి నిజం చెప్పు. మా అమ్మకిస్తే ఏడుస్తుంది, నాన్న చదవడు" అంది. ఇంటర్‌తో చదువాపేసిన నాకు స్క్రిప్టు చదవడమేమిటని అనుకోలేదు లెండి. రెండు రోజులు మధ్యాహ్నాలు కూర్చుని చదివాను. పక్కన పెన్సిలు పెట్టుకుని, ఎక్కడ ఆవలింత వచ్చిందో అక్కడ చిన్న గీత, ఎక్కడ ఎవరు ఎవరో అర్థం కాలేదో అక్కడ సున్నా. అంతే. బాగు చేయడానికి పోలేదు. ఇది మీకూ చెబుతున్నాను. ఉప్పు తగ్గిందని చెప్పండి, గరిటె లాక్కోకండి. "నేనైతే ఇలా రాసేదాన్ని" అన్నామంటే ఆ కథ పిల్లది కాకుండా పోతుంది, మనదీ కాదు. తగిలిన చోటు చెబితే చాలు, మందు వాళ్ళే వెతుక్కుంటారు. వాళ్ళకి దొరికే మందు మనం చెప్పేదానికంటే బాగుంటుంది కూడా.

నా గీతలన్నీ చివరి ముప్ఫై పేజీల్లో పడ్డాయి. అక్కడే ఉప్పెన. తాటిచెట్టంత అల, కేకలు, కొట్టుకుపోయే గొడ్లు, బిడ్డ చేయి జారిపోవడం, తల్లి ఏడుపు. పిల్ల బాగా కష్టపడి రాసిన భాగం అదే. "ఇక్కడ నీకు ఆవలింతెలా వచ్చింది పెద్దమ్మా! అది మీ అన్నయ్య కదా" అంది, కళ్ళనిండా నీళ్ళు.

నిజమే. కానీ కాగితం మీద ఉన్నామె మా అమ్మ కాదు. టీవీలో చూసిన తల్లి. నేను ఒక్క ప్రశ్న అడిగాను. "మీ అమ్మమ్మ ఆ రాత్రి గురించి నీతో ఎన్నిసార్లు చెప్పింది?" ఒక్కసారీ చెప్పలేదంది. "మరి నీకెట్లా తెలుసు?" ఆలోచించింది. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. దీపావళి వెళ్ళగానే బియ్యం డబ్బా అటకెక్కిస్తుంది. అగ్గిపెట్టెలు, పొలం కాగితాలు, ఆవకాయ జాడీ, అన్నీ పైకి. డిసెంబరు సగమయ్యేదాకా రోజూ పొద్దున్నే స్టూలెక్కి పూటకి సరిపడా బియ్యం దించుకుంటుంది. మోకాళ్ళ నొప్పులు, డాక్టరు ఎక్కొద్దన్నాడు. పక్కా డాబా ఇల్లు, ఇప్పుడేం రాదమ్మా అన్నా వినదు. మా చిన్నప్పటి నుంచీ అంతే. మేము దాన్ని అమ్మ చాదస్తం అనేవాళ్ళం.

ఈ సంగతి స్క్రిప్టులో ఉందా అన్నాను. లేదంది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మొదటి సీనే అదైతే?" అని తనే అంది. దానికి నేను చెప్పింది ఏమీ లేదు, చూశారా!

అమ్మని అడగకుండా ఈ కథ ముందుకి పోకూడదని మేమందరం అనుకున్నాం. ఇంట్లోవాళ్ళ జీవితం కథ చేసేటప్పుడు వాళ్ళు ఒప్పుకోవాలి. చట్టం సంగతి వదిలేయండి, రేపు ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తినాలి కదా. అమ్మకి చదువు రాదు. పిల్లే చదివి వినిపించింది. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ విన్నది. ఉప్పెన సీను వచ్చేసరికి చేయి ఆగింది.

"అట్లా కాదులే" అంది.

నేను పిల్లకి ముందే చెప్పాను, అమ్మమ్మ ఏదైనా అంటే మధ్యలో ప్రశ్నలు వేయొద్దని. వినడంలో ఇదే కష్టమైన భాగం. నోరు మూసుకుని కూర్చోవాలి. కాసేపటికి అమ్మే అంది. "కేకలేం వినపడలేదే. గాలి హోరుకి పక్కనున్న మనిషి గొంతే వినపడలా. నోరు కదలడం కనపడిందంతే."

తర్వాత ఇంకో రెండు కాయలు తీసి, "బియ్యం డబ్బా సంగతి నీకెవరు చెప్పారు?" అంది. "పెద్దమ్మ" అంది పిల్ల. "అది పెట్టుకో. పిల్లాడి పేరు మాత్రం పెట్టొద్దు."

ఇప్పుడు నాలుగో ప్రతి నడుస్తోంది. ముప్ఫై పేజీల ఉప్పెన ఒకటిన్నర పేజీకి వచ్చింది, అందులో ఒక్క మాట కూడా లేదు, గాలి చప్పుడొక్కటే. సీను పోయినందుకు పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మధ్య భాగంలో మా నాన్న పాత్ర ఇంకా తేలలేదు, ఆయన ఎందుకంత మౌనంగా ఉంటారో చదివేవాళ్ళకి అందడం లేదని గీత గీసి ఇచ్చాను. మా మరిది కూడా ఆ మధ్య పేపరు చదువుతున్నట్టు నటిస్తూ మొదటి పది పేజీలు చదివాడని చెల్లెలు చెప్పింది. బ్యాంకు పరీక్ష ఫిబ్రవరిలో ఉంది, అదీ రాస్తానంటోంది. ఈ ప్రతి అయ్యాక కాపీరైటు ఆఫీసుకి పంపుదామని అనుకున్నాం.

పిల్లాడికి మాత్రం ఇంకా పేరు కుదరలేదు. పేరు రావలసిన ప్రతిచోటా ఖాళీ వదిలి గీత గీసి ఉంచింది.